బందీకి ఔషధం: దానమా, ఋణమా?

దండన రాజధర్మంలో ఒక అంగమని మన పెద్దలు చెప్పారు. దండించేవాడు లేని చోట బలవంతుడు బలహీనుణ్ణి కబళిస్తాడని, పెద్ద చేప చిన్న చేపను మ్రింగినట్లు లోకం నడుస్తుందని హెచ్చరించి, ఆ దుస్థితికి మాత్స్యన్యాయమని పేరు పెట్టారు. అయితే దండనకు ఒక ఎల్ల ఉండాలని కూడ వారే చెప్పారు. ఎల్ల దాటిన దండన దండించేవానినే దోషిని చేస్తుంది. ఆ ఎల్ల ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడానికి ఒక చిన్న ప్రశ్నను తీసుకొని విచారిద్దాం. చెరసాలలో ఉన్న మనిషి రోగగ్రస్తుడైతే అతని వైద్యానికయ్యే సొమ్ము ఎవరు భరించాలి? అతని వద్దనే రుసుము తీసుకోవచ్చునా? తీసుకొంటే ఎంతవరకు?

యాత్రలు, వ్రతాలు, పారాయణలతో జీవితం గడుపుకొనే మనకు చెరసాల ప్రసంగం ఎందుకని పాఠక మహాశయులు అనుకోవచ్చు. కాని వైష్ణవులకు చెరసాల పరాయిచోటు కాదు. శ్రీకృష్ణపరమాత్మ అవతరించినది కంసుని కారాగారంలో, సంకెళ్ళతో ఉన్న దేవకీవసుదేవుల ముందట. భద్రాద్రిరామునికి ఆలయం కట్టించిన కంచెర్ల గోపన్న పదునేడవ శతాబ్దంలో తానీషా పాలనలో గోలకొండ కోటలో బందీ అయ్యాడు. ఆయన పన్నెండేండ్లు చెరలో ఉన్నాడని మన సంప్రదాయం చెబుతుంది. ఆ గది చూడటానికి నేటికీ భక్తులు వెళుతున్నారు. ఇక మన నిజామాబాదు జిల్లా సంగతి చూడండి. కార్తికమాసంలో భీమ్‌గల్ దగ్గరి లింబాద్రిగుట్ట నరసింహస్వామి ఉత్సవానికి కమ్మర్‌పల్లి, ఆర్మూరు, బోధను ప్రాంతాల నుండి బయలుదేరే భక్తులలో పలువురికి నిజామాబాదు కోటలోని రఘునాథాలయం తెలిసినదే. దీర్ఘకాలం ఆ కోటలోనే జైలు ఉండేది. నిజాం పాలన చివరి రోజులలో దాశరథి కృష్ణమాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ బందీలుగా ఉన్నారు. కాగితం లేని చోట దాశరథి జైలు గోడలపై బొగ్గుతో పద్యాలు వ్రాశాడు. ఒకే గుట్ట మీద ఒకవైపు రామునికి నైవేద్యం, వేరొకవైపు బందీలకు గంజి. ఆ రెండింటి మధ్య ఉన్నది ఒక గోడ మాత్రమే. గోడకు ఇవతల ఉన్నవారికి అవతల ఉన్నవారి పట్ల ఏమి కర్తవ్యం అన్నది మనం తప్పించుకోజాలని ప్రశ్న.

ముందుగా ఎదుటి పక్షాన్ని న్యాయంగా వినాలి. కమ్మర్‌పల్లి వంటి ఊరిలో బీడీలు చుట్టి బ్రతికే తల్లి ఒకరు ఇట్లా అడుగవచ్చు: “అయ్యా, నేను ఎవరి సొమ్మూ దొంగిలించలేదు. ఒంట్లో బాగాలేక పట్నంలో డాక్టరుకు చూపించుకొంటే ఫీజు నేనే ఇస్తున్నాను, మందులు నేనే కొంటున్నాను. పసుపు అమ్మిన డబ్బంతా ఒక ఆపరేషనుకు పెట్టిన రైతు మా వాడకట్టులోనే ఉన్నాడు. మరి దొంగతనం చేసి లోపల కూర్చున్నవానికి ఉచితంగా వైద్యమా? తప్పు చేయడమే పుణ్యమైపోయిందా?” ఇది పుల్లవిరుపు మాట కాదు. కష్టపడి బ్రతికేవారి గుండెలోంచి వచ్చిన మాట. దీనికి సమాధానం చెప్పకుండా దయాధర్మాలను గూర్చి ఉపన్యసించడం ఉచితం కాదు.

సమాధానం ‘రుసుము’ అనే మాటలోనే ఉన్నది. రుసుము ఎక్కడ ధర్మమవుతుంది? ఇచ్చేవానికి ఇష్టం ఉన్నచోట, మరొక దారి ఉన్నచోట. సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలు ఒకటి ఉంది. 2016లో తెలంగాణ జైళ్ళ శాఖ దానిని ప్రదర్శనశాలగా మార్చి, చెరసాల జీవితం ఎట్లా ఉంటుందో అనుభవించి చూడగోరేవారు ఒక దినం లోపల ఉండటానికి 500 రూపాయల రుసుము పెట్టింది. అది తప్పు కాదు. కోరి వచ్చినవాడు ఇస్తాడు, వద్దనుకొన్నవాడు రాడు, వచ్చినవాడు మరునాడు తన ఇంటికి పోతాడు. కాని నిజమైన బందీకి అట్టి స్వేచ్ఛ ఏది? బీడీలు చుట్టే తల్లి ఈ డాక్టరు కాకపోతే ఆ డాక్టరు దగ్గరికి పోగలదు. డబ్బు లేకపోతే ఆర్మూరు సర్కారు దవాఖానాకు పోగలదు. చేబదులు అడుగగలదు, కషాయం కాచుకోగలదు, ఇరుగుపొరుగును పిలువగలదు. బందీకి ఈ దారులన్నీ మూసింది ఎవరు? ప్రభుత్వం, అనగా మనమందరం. చేతులు కట్టివేసిన తరువాత “నీ కన్నీరు నీవే తుడుచుకో” అనడం న్యాయం కాదు.

మన పల్లెలలో బందెలదొడ్డి ఉండేది. పొరుగువాని చేనులో పడిన పశువును తెచ్చి అందులో కట్టివేసేవారు. యజమాని వచ్చి జరిమానా చెల్లించి విడిపించుకొని పోవాలి. మేపు ఖర్చు కూడ అతనిదే. ఈ ఉదాహరణ రుసుము పక్షానికే బలమిస్తుందని కొందరు అనవచ్చు. కాని దానిలోని క్రమాన్ని గమనించండి. యజమాని రాకముందే, జరిమానా కట్టకముందే, కట్టివేసినవాడు ఆ పశువుకు నీరు పెట్టాలి, గడ్డి వేయాలి. డబ్బు వచ్చేదాకా నీరు పెట్టనని అన్న కాపరిని ఊరు క్షమించేది కాదు. కట్టినవాడే నీళ్ళు పెట్టాలి అన్నది చదువురాని వారికి కూడ తెలిసిన ధర్మం. బందీకి ఇచ్చే వైద్యం అందువల్ల దానం కాదు, ఋణం. దానం చేయకపోతే పుణ్యం తగ్గుతుంది. ఋణం తీర్చకపోతే పాపం వస్తుంది.

లోకచరిత్రలో ఈ సత్యం కష్టపడి నేర్చుకొన్నదే. ఇంగ్లండులో ఒకప్పుడు జైలు అధికారికి జీతం లేదు. బందీల వద్ద వసూలు చేసే రుసుములే అతని బ్రతుకు. న్యాయస్థానం నిర్దోషి అని విడిచిపెట్టిన మనిషి కూడ జైలరు రుసుము చెల్లించలేక మరల లోపలికే పోయేవాడు. 1773లో బెడ్‌ఫర్డ్‌షైర్ షెరీఫ్‌గా నియమితుడైన జాన్ హోవార్డ్ ఈ దారుణాన్ని కన్నులారా చూచి, జైలు తరువాత జైలు తిరిగి, విన్నవీ కన్నవీ పార్లమెంటుకు నివేదించాడు. 1774లో రెండు చట్టాలు వెలువడ్డాయి. ఒకటి నిర్దోషులుగా విడుదలైనవారు రుసుము చెల్లించనక్కరలేదన్నది. రెండవది బందీల ఆరోగ్యరక్షణకు వైద్యుణ్ణి నియమించాలన్నది. రుసుము తొలగడం, వైద్యుడు రావడం ఒకే సంవత్సరంలో జరిగాయి. ఇది కాకతాళీయం కాదు. రోగాన్ని ఆదాయమార్గంగా చూచేవాడు రోగికి రక్షకుడు కాలేడని ఆనాటివారు గ్రహించారు. ఆ హోవార్డ్ 1790లో ఖేర్సన్ నగరంలో, రోగుల పరామర్శలో అంటుకొన్న జ్వరంతోనే కన్నుమూశాడంటారు.

మన దేశంలోనూ ఈ ధర్మం క్రొత్తది కాదు. కర్నూలు ప్రాంతంలోని ఎఱ్ఱగుడి బండలపై అశోకుని శాసనాలు ఉన్నాయి. మనుష్యులకు, పశువులకు వైద్యం ఏర్పాటు చేశానని ఒక శాసనంలోను, ధర్మమహామాత్రులను నియమించి బందీల క్షేమం చూడమన్నానని మరొక శాసనంలోను ఆ చక్రవర్తి చెప్పుకొన్నాడు. కౌటిల్యుడు మెత్తనివాడని ఎవరూ అనరు. ఆయన కూడ రాజు జన్మనక్షత్రం నాడును, పూర్ణిమనాడును బాలురను, వృద్ధులను, రోగులను, అనాథలను చెరనుండి విడువవలెనని అర్థశాస్త్రంలో విధించాడు. దండనీతిని బోధించిన ఆచార్యుడే రోగి అయిన బందీని వేరుగా చూడమన్నాడు.

నేటి చట్టాల మాటకు వస్తే, 1894 నాటి జైళ్ళ చట్టం ప్రతి జైలులోను రోగులకొక ఆసుపత్రియో తగిన స్థలమో ఉండాలన్నది. వైద్యుణ్ణి చూడాలని బందీ కోరినా, అతడు జబ్బుగా కనిపించినా, కావలి ఉద్యోగి జాప్యం లేకుండా పై అధికారికి తెలుపాలన్నది. ఇంతకు ఇంత చెల్లించమని ఆ నియమంలో లేదు. విశాఖపట్నం కేంద్ర కారాగారంలోని బందీల వ్యాజ్యంలో 1974లో సుప్రీంకోర్టు, జైలు గడప దాటినంతమాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ కోల్పోడని చెప్పింది. కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలుపై 1977లో బాంబుదాడి జరిగి ఒక బందీ మరణించాడు. ఆ వ్యాజ్యంలో 2000లో అదే న్యాయస్థానం, తన కాపుదలలో ఉన్నవాని ప్రాణానికి ప్రభుత్వమే బాధ్యత వహించాలని నిర్ణయించింది. ప్రాణాపాయంలో ఉన్నవాడు నిర్దోషి అయినా, నేరస్థుడైనా వైద్యుడు ముందు ప్రాణం నిలుపవలెనని 1989లో చెప్పినది కూడ ఆ న్యాయస్థానమే. 2015లో ఐక్యరాజ్యసమితి నెల్సన్ మండేలా పేరిట ఆమోదించిన నియమాలలో ఇరువదినాలుగవది, బందీల ఆరోగ్యరక్షణ ప్రభుత్వ బాధ్యత అనీ, సమాజంలో ఇతరులకు లభించే స్థాయిలోనే అది ఉచితంగా లభించాలనీ స్పష్టపరచింది. ఇరువదియేడేండ్లు చెరలో గడిపిన మహనీయుని పేరు ఆ నియమాలకు పెట్టడం ఎంతో సముచితం.

రుసుము పెట్టిన దేశం సంగతి కూడ తెలుసుకోవాలి. అమెరికాలో 1976లోనే అక్కడి అత్యున్నత న్యాయస్థానం, బందీల తీవ్రమైన రోగాలను బుద్ధిపూర్వకంగా ఉపేక్షించడం క్రూరదండన అని తీర్పు చెప్పింది. అయినా తరువాతి కాలంలో అనేక రాష్ట్రాలు, వైద్యుణ్ణి చూడగోరిన ప్రతిసారి బందీ రెండు మొదలు అయిదు డాలర్లు, కొన్నిచోట్ల అంతకు మించి, చెల్లించాలని నిర్ణయించాయి. వినడానికి స్వల్పమే. కాని చాలా రాష్ట్రాలలో బందీ గంటసేపు శ్రమిస్తే ఒక డాలరు కూడ రాదు. టెక్సాస్‌లో అతని పనికి కూలియే లేదు. ఆ రాష్ట్రం 2011లో సంవత్సరానికి 100 డాలర్ల వైద్యరుసుము విధించి, 2019లో దానిని మార్చి ఒక్కొక్కసారికి 13 డాలర్ల 55 సెంట్లు చేసింది. కూలి లేనివాని ఖాతాలో సొమ్ము ఎక్కడిది? అతని తల్లియో, భార్యయో పంపినది. అనగా దండన పడినది ఒకరికి, రుసుము కట్టేది వేరొకరు. కాలిఫోర్నియా తన అయిదు డాలర్ల రుసుమును 2019లో రద్దు చేసింది. ఇల్లినాయ్ రాష్ట్రం కూడ ఆ ఏడే రద్దుకు శాసనం చేసింది. 2020లో కోవిడ్ మహమ్మారి వచ్చినప్పుడు ఇంకా పెక్కు రాష్ట్రాలు రుసుమును తాత్కాలికంగా నిలిపివేశాయి. రుసుముకు భయపడి బందీ జ్వరాన్ని దాచుకొంటే గోడలు ఆ రోగాన్ని ఆపలేవని అప్పుడు వారికి అర్థమైంది. క్షయరోగం విషయంలో ఇది మనకు ఏనాటినుండో తెలిసిన పాఠం. బందీని చూడవచ్చిన బంధువు, కావలి ఉద్యోగి, విడుదలై ఇంటికి పోయిన మనిషి, అందరూ ఒకే గాలి పీల్చేవారే.

రుసుమును సమర్థించేవారు చెప్పే ముఖ్యమైన కారణం ఒకటి ఉంది. ఉచితమైతే బందీలు పని తప్పించుకోవడానికి లేని నొప్పులు చెబుతారట. కొందరు చెప్పవచ్చు, కాదనలేం. కాని రుసుము నిజమైన నొప్పిని, దొంగనొప్పిని వేరుచేయగలదా? అది వేరుచేసేది డబ్బున్నవానిని, లేనివానిని. డబ్బున్నవాడు దొంగనొప్పికి కూడ రుసుము కట్టి దవాఖానాలో పండుకొంటాడు. లేనివాడు నిజమైన నొప్పిని పంటి బిగువున భరిస్తాడు. నొప్పి నిజమో కాదో తేల్చేది వైద్యుని పరీక్ష. ఆ పరీక్ష గడప దగ్గరే సుంకం పెడితే తేల్చేదెవరు? ఇక ప్రాణాపాయమైన రోగాలకు రుసుము ఉండదు గదా అంటారు. గుండెలో మంట అజీర్ణమో, గుండెపోటో రోగికే తెలిస్తే ఇక వైద్యుడెందుకు?

ఇంకొక మాట. బందీలందరూ నేరస్థులని మనం అనుకొంటాం. 2022 సంవత్సరపు జాతీయ లెక్కల ప్రకారం మన దేశపు జైళ్ళలో ఉన్నవారిలో నూటికి సుమారు 75 మంది విచారణ ఖైదీలు. వారి నేరం ఇంకా ఋజువు కాలేదు. వారిలో కొందరు రేపు నిర్దోషులుగా ఇంటికి వస్తారు. దోషి అని తేలినవాని సంగతి చూచినా, న్యాయాధిపతి విధించినది ఇన్ని సంవత్సరాల నిర్బంధం. దానికి తోడు ఇన్ని రోజుల జ్వరం, ఇంత కంటిచూపు నష్టం అని ఏ తీర్పులోను వ్రాయలేదు. తీర్పులో లేని బాధను కలిగించే అధికారం ఎవరికీ లేదు.

అయితే బందీ నుండి ఎన్నడూ ఏమీ తీసుకోరాదా? ఇక్కడ వివేకం కావాలి. అవసరమైన వైద్యం లోపల లభిస్తుండగా, తన సౌఖ్యం కోసం ప్రైవేటు ఆసుపత్రికి పోతానని న్యాయస్థానం అనుమతి తెచ్చుకొన్న సంపన్నుడు ఆ ఖర్చు తానే పెట్టుకోవడం న్యాయమే. అక్కడ ఇష్టం ఉంది, శక్తి ఉంది, వేరు దారి ఉంది. అట్లాగే బందీ కష్టార్జితంలో కొంత భాగం వేరొకరికి చెందవలసి ఉంది. అతని వల్ల నష్టపోయిన బాధితునికి ఆ కూలిలో కొంత భాగం కేటాయించే శాసనం చేయాలని 1998లో సుప్రీంకోర్టు సూచించింది. ఇది మహత్తరమైన ఆలోచన. ఎవరి ఇల్లు దోచాడో వారికి చెందవలసిన సొమ్మును వైద్యరుసుము పేర ఖజానా తినివేస్తే, దొంగతనం రెండుసార్లు జరిగినట్లే. కనుక ఎల్ల ఇది: రోగికి, వైద్యునికి మధ్య నిలిచే రుసుము ఎంత చిన్నదైనా అధర్మం. ఆ మధ్య నిలువనిది మాత్రమే విచారింపదగినది.

మన జైళ్ళ నియమాలలో రుసుము లేదు గదా, మనం నిశ్చింతగా ఉండవచ్చునా? రసీదు లేని రుసుములు కూడ ఉంటాయి. దేశంలోని జైళ్ళను పీడించే తొమ్మిది సమస్యలను 1996లో సుప్రీంకోర్టు ఏకరువు పెడుతూ ఆరోగ్య పారిశుద్ధ్యాల ఉపేక్షను అందులో చేర్చింది. పెద్ద దవాఖానాకు తీసుకుపోవడానికి వెంట పోలీసులు దొరకక రోగి రోజుల తరబడి వేచి ఉంటే, ఆ రోజులే అతడు చెల్లించే రుసుము. లోపల లేని మందును బయట కొని పంపమని పేద కుటుంబానికి కబురు వస్తే, అదీ రుసుమే. చట్టంలో సున్న వ్రాసి ఆచరణలో వసూలు చేయడం, ధర్మకర్త ఆలయద్వారం తెరిచి ఉంచి మెట్ల మీద ముండ్లు పరచినట్లు ఉంటుంది.

శరణాగతిని పరమధర్మంగా నమ్మినవారికి ఇంకొక మెట్టు పైన కర్తవ్యం ఉంది. విభీషణుడు సముద్రతీరానికి వచ్చినప్పుడు సుగ్రీవుడు అనుమానించాడు. శత్రుపక్షం వాడు, నమ్మరాదన్నాడు. శ్రీరాముడు అతని గుణదోషాలను లెక్కించి అభయమివ్వలేదు. రావణుడే వచ్చినా ఇస్తానన్నాడు. బందీ మనకు శరణు చెప్పలేదు, నిజమే. మనమే బలాత్కారంగా అతణ్ణి మన కాపుదలలోకి తెచ్చుకొన్నాం. అడిగి వచ్చినవానికే అభయమిస్తే, అడగకుండా తెచ్చినవానికి ఎంత ఇవ్వాలి? భాగవతంలోని రంతిదేవుడు నలుబదియెనిమిది దినాలు ఉపవసించి, చివరకు మిగిలిన గుక్కెడు నీటిని దాహంతో వచ్చిన అంత్యజునికి పోశాడు. నీ కులమేది, నీవు చేసిన పాపమేది అని అడుగలేదు. దాహం ఉన్నదా అని మాత్రమే చూచాడు. రోగి ముందు నిలిచిన వైద్యునికి అంతకన్న వేరు ధర్మం లేదు. వైద్యుణ్ణి నారాయణ స్వరూపునిగా మనం భావిస్తున్నాం. నారాయణుని సన్నిధికి సుంకం కట్టి పోవాలని ఏ ఆచార్యుడు చెప్పాడు? తిరుక్కోష్టియూరు గోపురమెక్కి మంత్రరహస్యాన్ని అందరికీ వినిపించిన భగవద్రామానుజులు, తనకు నరకం వచ్చినా పదిమంది తరిస్తే చాలునన్నారు.

ఇది విని గృహస్థులు చేయగలిగినదేమున్నదని నిట్టూర్చనక్కరలేదు. మన ప్రాంతంలో గల్ఫ్ దేశాలకు పనికి పోయినవారు లేని ఊరు అరుదు. పరాయి దేశంలో బిడ్డ చిక్కులో పడి కాపుదలలో ఉన్నాడని విన్న తల్లి మొదట అడిగేది, వాడి ఆరోగ్యం ఎట్లా ఉందని. ఆ ప్రశ్నను మన జిల్లా జైలులో ఉన్న అన్యుల బిడ్డను గూర్చి కూడ అడుగడం నేర్చుకోవాలి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్న ప్రతి మనిషికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. వైద్యం అందని బందీ తరఫున అతని కుటుంబం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చును. అక్షరం రాని కుటుంబానికి ఆ అర్జీ వ్రాసిపెట్టడం మనలో ఎవరైనా చేయగల సేవ. జామీను సొమ్ము లేక లోపలే ఉండిపోయిన పేదలకై 2023లో కేంద్రప్రభుత్వం ఒక సహాయ పథకం ఏర్పరచింది. దాని సమాచారం అందవలసినవారికి అందించడం కూడ పుణ్యకార్యమే.

బీడీలు చుట్టే ఆ తల్లికి చివరిగా ఒక మాట విన్నవించాలి. అమ్మా, నీ ప్రశ్నలో ఉన్న బాధ నిజం. నీకు వైద్యం అంత భారం కావడం కూడ అన్యాయమే. కాని ఆ అన్యాయానికి మందు బందీ చేతిలోని మాత్రను లాగివేయడంలో లేదు. నీ చేతిలోనూ మాత్ర పెట్టడంలో ఉంది. నీవు సర్కారు దవాఖానాలో హక్కుగా అడుగవలసిన దానినే అతడు జైలు దవాఖానాలో అడుగుతున్నాడు. ఒకరి హక్కు నిలిస్తే రెండవవారిది బలపడుతుంది, ఒకరిది కూలితే రెండవవారి గోడకూ బీట పడుతుంది.

దండన న్యాయస్థానం చేతిలో ఉండుగాక, కాపుదల ప్రభుత్వం చేతిలో ఉండుగాక. వ్యాధి వచ్చిన వేళ ఔషధం మాత్రం ఎవరి గుమ్మం దగ్గరా సొమ్ముకోసం ఆగకుండుగాక. దేవకీవసుదేవుల సంకెళ్ళు సడలించిన స్వామి సర్వులకు ఆరోగ్యాన్ని, కాపుదల వహించినవారికి తమ ఋణం తీర్చుకొనే బుద్ధిని ప్రసాదించుగాక.